దిగుమతి లెక్కల్లో 5002: మడకశిర పట్టు రైతు చూడాల్సిన కోడ్ ఇదే

ప్రతి నెలా 15వ తేదీ అటూ ఇటూగా కేంద్ర వాణిజ్య శాఖ దేశ ఎగుమతులు, దిగుమతుల లెక్కలు విడుదల చేస్తుంది. వాణిజ్య లోటు పెరిగిందనో తగ్గిందనో ఆ రోజంతా చర్చ నడుస్తుంది. మడకశిర దగ్గర మీ కుటుంబానికి మల్బరీ తోట ఉంటే, ఆ మొత్తం అంకె మీకు దాదాపు ఏమీ చెప్పదు.

చిన్న ద్వీప దేశాల్లో పరిస్థితి వేరు. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న మారిషస్‌నే తీసుకోండి. అక్కడ దిగుమతుల విలువ ఎగుమతులకు రెట్టింపు కన్నా ఎక్కువ. పెట్రోలు, బియ్యం ఓడల్లో రావాల్సిందే కాబట్టి నెలవారీ లెక్కకూ ఇంటి ఖర్చుకూ దూరం తక్కువ. మన దగ్గర ముడిచమురు, బంగారం అంకెలే అంత పెద్దవి, పట్టు వాటి కింద కనిపించదు.

అందుకే సరుకు కోడ్‌తో వెతకాలి. 5002 అంటే ముడిపట్టు. ఇది ఎక్కువగా చైనా నుంచి వస్తుంది. చౌకగా, ఎక్కువగా వచ్చిందంటే ఇక్కడి రీలర్ తీసిన దారానికి ధర తగ్గుతుంది. అప్పుడు హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో అతను వేలంలో తక్కువ పాడతాడు. దెబ్బ రైతుకు తగులుతుంది. 2021 బడ్జెట్‌లో ముడిపట్టుపై కస్టమ్స్ సుంకాన్ని 10 నుంచి 15 శాతానికి పెంచడం రైతుకు కొంత రక్షణ. కానీ అదే సుంకం ధర్మవరంలో పడుగుకు దారం కొనే నేతన్నకు అదనపు ఖర్చు. ఒకే జిల్లాలో ఒకరికి మేలైంది మరొకరికి భారం. ఈ మాట ఏ ప్రకటనలోనూ ఉండదు.

ఎక్కడ చూడాలంటే, వాణిజ్య శాఖ ట్రేడ్‌స్టాట్ వెబ్‌సైట్‌లో. డబ్బు కట్టక్కర్లేదు. నెలవారీ దిగుమతులు ఎంచుకుని కోడ్ కొట్టండి. సరుకుల వారీ వివరాలు కొన్ని వారాలు ఆలస్యంగా వస్తాయి. కిందటి నెలతో కాకుండా, కిందటేడు అదే నెలతో పోల్చండి. విలువ ఒక్కటే చూస్తే డాలర్ రేటు మారినా సరుకు పెరిగినట్టు అనిపిస్తుంది. 8 అంకెల కోడ్ దగ్గర పరిమాణం కూడా ఉంటుంది, అదీ చూడండి.

తొలి అంకెలు తాత్కాలికం. 2024 నవంబర్ బంగారం దిగుమతులను తర్వాత దాదాపు 500 కోట్ల డాలర్ల మేర తగ్గించి సవరించారు. ఒక్క నెల చూసి గూళ్లు అమ్మాలా, ఆగాలా అని తేల్చుకోకండి. అసలు గూళ్లు ఎన్నో రోజులు ఆగవు కూడా.

నిజానికి ఇంత వెతుకులాట రైతుకు ఎందుకు? పట్టు పరిశ్రమ శాఖ నెలకోసారి ఈ ఒక్క అంకెను తెలుగులో వాట్సాప్‌కు పంపినా చాలు.

ఎగుమతుల విషయానికొస్తే, 2020 ఫిబ్రవరి 15 నుంచి షిప్పింగ్ బిల్లులో సరుకు పుట్టిన జిల్లా పేరు రాయడం తప్పనిసరి. పెనుకొండ దగ్గరి కియా కార్లు ఏ రేవు నుంచి వెళ్లినా శ్రీసత్యసాయి జిల్లా ఖాతాలో పడేది ఆ గడి వల్లే. దాన్ని నింపేది ఎగుమతిదారే. ధర్మవరం చీరను బెంగళూరు వ్యాపారి విదేశాలకు పంపినప్పుడు అందులో ఏ జిల్లా రాస్తున్నాడో చూడాలి.