ఒక్క అంకె అహంకారం

యూసుఫ్‌గూడలో మా డాబా మీద నిలుచుంటే మెట్రో రైలు కనబడుతుంది. అది సాగిపోయే ప్రతిసారీ నాకో పాత లెక్క గుర్తుకొస్తుంది.

2008లో ఈ మెట్రో కాంట్రాక్టు దక్కించుకున్న మేటాస్, ప్రభుత్వ సాయం అక్కర్లేదు సరికదా, ఒప్పంద కాలంలో తానే 30,311 కోట్ల రూపాయలు ఎదురిస్తానన్నది. ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ఆక్షేపిస్తే, ప్రభుత్వం ఆయన మీదే కన్నెర్రజేసింది. 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ అదే ప్రాజెక్టుకు 1,458 కోట్ల సాయం కోరి పని దక్కించుకున్నది.

ఊరు అదే, దారులు అవే. మారినవి ఊహలు. అలాంటప్పుడు ఏ ఊహకైనా ఒక్క అంకె రాసి ఊరుకోవడం లెక్క ఎలా అవుతుంది? అది కోరిక మాత్రమే.

పొట్టకూటికి నేనూ ప్రాజెక్టు అంచనాలు కట్టేవాణ్ణే. "మూడంకెలు చూపితే పెద్దలు తికమకపడతారండీ, ఒకటి చెప్పండి" అన్నమాట ఎన్నిసార్లు విన్నానో! ఒకసారి తలొగ్గి, నా సందేహాలన్నీ చెరిపేసి ఒక్కటే రాశాను. లెక్క తప్పాక, ఆ అంకె ఎవరిదో చెప్పగలవాడు లేడు. ఆ సిగ్గు నాకింకా ఉంది.

చేయవలసింది బ్రహ్మవిద్య కాదు. ఎక్సెల్‌లో ప్రతి అనుమానపు ఊహకూ తక్కువ, మధ్యమం, ఎక్కువ అని మూడు గళ్ళు పెట్టండి. పక్కనే కారణమూ, చెప్పినవారి పేరూ రాయండి. వేరొక గడిలో 1, 2, 3లలో ఏది నొక్కితే ఆ అంకెతోనే లెక్కంతా నడవాలి. పాత అంకె మీద కొత్తది దిద్దకూడదు. ఏ అంకె దగ్గర అప్పు తీరకుండా పోతుందో అదే అసలు జవాబు.

ఇంకొక మాట. కలిసి పడేవాటిని కలిపే కట్టాలి. మన మెట్రో ఆదాయంలో సగం టిక్కెట్ల మీద, 45 శాతం స్థలాల వ్యాపారం మీద, మిగతాది ప్రకటనల మీద వస్తుందనుకున్నారు. మూడూ ఊరి కళ మీద ఆధారపడ్డవే. 2020 మార్చి 22 నుంచి సెప్టెంబరు 7 దాకా రైళ్ళే ఆగిపోతే ఏది ఏది ఆదుకుంటుంది? చివరికి 2025 సెప్టెంబరులో, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా మెట్రోను తీసుకునేందుకు రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. ఆ అప్పు మనందరిదీ.

పెద్దలు తికమకపడతారా? పడనివ్వండి. సంతకానికి ముందు పడే తికమక చవక. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నవాడికి కనీసం కూతురు పుడితేనో అని అడిగే తోడొకరుండాలి. మన పని అదే.