ఓడింది ఆమె కాదు

జమ్మలమడుగులో సంఘం సమావేశంలో ఆడపిల్లల ఆటల గురించి మాట్లాడాను. వెనక వరసలోంచి ఒక తల్లి లేచి, "బాక్సింగు నేర్పిస్తే ముక్కు పగులుతాది. రేపు ఆ పిల్లను ఎవురు చేసుకుంటారమ్మా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, జవాబూ రాలేదు. ఆమె భయం ముక్కు గురించి మాత్రమే కాదు. బిడ్డ గెలిచినా ఆమెను నిలబెట్టే దిక్కుండదన్న భయం అది.

ఆ భయం ఉత్తదని నేను అనలేను. విశాఖపట్నం బాక్సర్ నాగిశెట్టి ఉష సంగతే చూడండి. 57 కిలోల తరగతిలో 2006లో ఢిల్లీలోనూ, 2008లో చైనాలోని నింగ్బోలోనూ ప్రపంచ పోటీల ఫైనల్‌ దాకా వెళ్లి రెండుసార్లు రజతం తెచ్చింది. ఆ తర్వాత ఆమె పేరు వినిపించడం తగ్గింది. ఇలాంటప్పుడు "ఫామ్ పోయింది" అనేసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు.

ఫామ్ పోయిందా, దారే లేకుండా చేశారా? ఒలింపిక్స్‌లో మగవాళ్ల బాక్సింగ్ 1904లోనే మొదలైంది. ఆడవాళ్లకు తలుపు తీసింది 2012లో, లండన్‌లో. అప్పుడైనా మగవాళ్లకు 10 తరగతులు, ఆడవాళ్లకు మూడే: 51, 60, 75 కిలోలు. 57 లేదు. అంటే ఆరు కిలోలు తగ్గాలి, లేదా మూడు కిలోలు పెరిగి తనకన్నా బలమైన వాళ్లతో తలపడాలి. 57 కిలోల తరగతి వచ్చింది 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు. ఉష మొదటి ప్రపంచ ఫైనల్ ఆడిన 15 ఏళ్లకు! 2020లో ఆమెకు ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చారు, సంతోషమే. కానీ వయసులో ఉన్నప్పుడు రింగు ఇవ్వకుండా, దిగిపోయాక సన్మానం చేస్తే లెక్క సరిపోతుందా?

ఇంటి దొంగల మాటేమిటి? ఎన్నికల అవకతవకల మీద 2012 డిసెంబరులో అంతర్జాతీయ సమాఖ్య మన జాతీయ బాక్సింగ్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. ఆ కుర్చీల తగాదా 2016లో కొత్త సమాఖ్య వచ్చేదాకా సాగింది. బాక్సర్‌కు నాలుగేళ్లంటే సగం జీవితం. పెద్దమనుషులకు పోయిందేముంది?

ఇంకా చేదు నిజం ఉంది. 2009లో హైదరాబాద్‌లో ఒక యువ మహిళా బాక్సర్ ఆత్మహత్య చేసుకుంది. కోచ్ వేధించాడని ఆరోపణలు వచ్చాయి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం స్టేడియాన్నీ, శిక్షణ కేంద్రాన్నీ పనిస్థలంగానే గుర్తించింది. చట్టం పుస్తకంలో భద్రంగా ఉంది. ఫిర్యాదు కమిటీ సభ్యుల పేర్లు మన మైదానాల గోడల మీద ఎక్కడున్నాయి?

నిజామాబాద్ నిఖత్ జరీన్ ఎదగలేదా అంటారు. 2022లో, 2023లో ప్రపంచ విజేత అయింది, నిజమే. కానీ 2019లో మేరీ కోమ్‌తో ట్రయల్ పెట్టండని ఆమె కేంద్ర మంత్రికి బహిరంగంగా ఉత్తరం రాయాల్సి వచ్చింది. ట్రయల్‌లో ఓడిపోయింది. ఓటమి అవమానం కాదు. ఆడనివ్వకపోవడం అవమానం.

మా ప్రొద్దుటూరు బంగారానికి పేరు. జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ తల్లిదండ్రులు వచ్చి, అప్పు చేసైనా కూతురి పెళ్లికి నగలు కొంటారు. అదే కూతురు తన చేతులతో పతకం తెస్తానంటే బస్సు ఛార్జీకి లెక్కలు చూస్తారు. ముఠా కక్షల్లో మొగుళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లు మా పల్లెల్లో ఉన్నారు. చంపే చేతిని పౌరుషమన్నాం. నియమం ప్రకారం ఆడే ఆడపిల్ల పిడికిలిని బరితెగింపు అంటున్నాం. ఇదెక్కడి న్యాయం?

కడపలో క్రీడా పాఠశాల ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు. ఈ మూడు ఊళ్లలోనూ ఆడపిల్లలకు సాధన చేసే చోటు, మహిళా కోచ్, గాయమైతే ప్రభుత్వ ఖర్చుతో వైద్యం, పనిచేసే ఫిర్యాదు కమిటీ, ఆట ముగిశాక ఉద్యోగం కావాలి. ఇది దయ కాదు, హక్కు. సంఘాలుగా మనం కలెక్టరు దగ్గరికి వెళ్లి అడగాల్సిన హక్కు.

ఆ రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు చెబుతున్నాను. అమ్మా, పగిలిన ముక్కు నెల రోజుల్లో అతుక్కుంటుంది. మూసిన తలుపు మనం తోస్తేగాని తెరుచుకోదు. బిడ్డను పంపించు. తోడు మేమొస్తాం.