కిలో కోవాలో మన పాలు ఎన్ని? మన వాటా ఎంత?

దసరా నుంచి సంక్రాంతి దాకా మిఠాయి దుకాణాలకు పంట కాలం. పాలకోవా, కోవా కజ్జికాయలు, గులాబ్ జామూన్ అన్నీ గుట్టలు గుట్టలుగా అమ్ముడుపోతాయి. ఏ సరుకుకైనా గిరాకీ పెరిగితే దాని ముడిసరుకుకు కూడా ధర పెరగాలి. కోవాకు ముడిసరుకు పాలు. మరి ఈ నాలుగు నెలల్లో పాల కేంద్రంలో మన పాలకు ఎంత పెంచుతున్నారు? పెంచకపోగా, "చలికాలం వచ్చింది, పాలు ఎక్కువగా వస్తున్నాయి" అని కోత పెడుతున్నారు. కోవా ఏమో ఎంత అడిగితే అంత దొరుకుతోంది. ఆ కోవా ఏ పాలతో చేసింది? దాని డబ్బు ఎవరి జేబులోకి పోతోంది? పాడి రైతులు, ముఖ్యంగా పశువుల పని అంతా నెత్తిన వేసుకున్న మన అక్కచెల్లెళ్లు అడగాల్సిన ప్రశ్న ఇది.

సమాధానం కోసం ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. మన పొయ్యి మీది బాణలి చెబుతుంది.

గేదె పాలలో వెన్న 6 నుంచి 7 శాతం, వెన్న కాని ఘనపదార్థం, అంటే ఎస్.ఎన్.ఎఫ్., 9 శాతం దాకా ఉంటాయి. రెండూ కలిపితే 15, 16 శాతం. మిగిలినదంతా నీరు. కోవా అంటే ఆ నీటిని చాలావరకు ఆవిరి చేయగా మిగిలిన ఘనపదార్థమే. మంచి గేదె పాలు 5 లీటర్లు మరిగిస్తే సుమారు కిలో కోవా వస్తుంది. ఆవు పాలైతే ఐదున్నర నుంచి 6 లీటర్లు కావాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీ కేంద్రంలో గేదె పాలకు లీటరుకు 50 రూపాయలు ఇస్తున్నారనుకుందాం. తక్కువిస్తే ఆ తక్కువే వేసుకోండి. 5 లీటర్లకు 250 రూపాయలు. గ్యాసుకు 30 రూపాయలు. గంటకు పైగా పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పిన మనిషి కూలి తక్కువలో తక్కువ 60 రూపాయలు. మొత్తం 340. ఇందులో దుకాణం అద్దె లేదు, కరెంటు లేదు, లాభం లేదు. అలాంటప్పుడు టోకు బజారులో కిలో కోవా 220కో 230కో ఇస్తామని ఎవరైనా అంటే దాని అర్థం ఏమిటి? పాల ఖరీదే 250 అయితే, అంతకంటే తక్కువకు దొరికే కోవా మన పాలతో చేసింది కాదు.

దేనితో చేస్తారంటే, దారులు చాలా ఉన్నాయి. పాలలోని వెన్న తీసి నెయ్యిగా వేరే అమ్ముకుంటారు. వెన్న తీసిన పాలలో, లేదా పాలపొడి కలిపిన నీళ్లలో పామాయిలో డాల్డానో పోసి మరిగిస్తారు. బరువు కోసం పిండి కలుపుతారు. ఏటా దీపావళి ముందు మధ్యప్రదేశ్‌లోని భిండ్, మొరేనా ప్రాంతాల కల్తీ కోవా పట్టుబడిందని వార్తలు చూస్తూనే ఉన్నాం. దీన్ని తినేవాళ్ల ఆరోగ్య సమస్యగానే పత్రికలు రాస్తాయి. అది నిజమే, కానీ సగం నిజం. ఒక కిలో కల్తీ కోవా అమ్ముడైందంటే 5 లీటర్ల రైతు పాలకు గిరాకీ పోయినట్టే. కల్తీ దెబ్బ తినేవాడి కడుపు మీదే కాదు, పాడి రైతు ధర మీద కూడా పడుతోంది.

చట్టం లేదా అంటే ఉంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం కోవాలోని ఘనపదార్థంలో పాల వెన్న కనీసం 30 శాతం ఉండాలి. పిండి గానీ చక్కెర గానీ కలపకూడదు. వేరే నూనె పోసి చేసిన దాన్ని కోవా అని పిలవడానికే వీల్లేదు. విడిగా అమ్మే మిఠాయిలు ఏ తేదీలోపు తినాలో దుకాణంలో రాసిపెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన కూడా తెచ్చారు. మీ ఊళ్లో ఎన్ని దుకాణాల్లో ఆ తేదీ కనిపిస్తోందో ఒకసారి చూడండి.

ఇక్కడే ఉంది అసలు అన్యాయం. మన క్యాను రోజుకు రెండు పూటలా పరీక్షకు నిలబడుతుంది. లాక్టోమీటరు ముంచుతారు, వెన్న యంత్రంలో పెడతారు, ఎస్.ఎన్.ఎఫ్. కొంచెం తగ్గినా రూపాయలు కోస్తారు. యంత్రం సరిగా పనిచేస్తోందా అని మనం అడిగితే విసుక్కుంటారు. పది లీటర్ల రైతును దొంగను చూసినట్టు చూసే ఈ వ్యవస్థ, క్వింటాళ్ల కొద్దీ కోవా దింపుకునే గోదాముకు మాత్రం పండగ ముందు నాలుగు రోజులు హడావుడి చేసి ఊరుకుంటుంది. ఘనపదార్థం లెక్క రైతుకు ఒకటి, వ్యాపారికి ఇంకొకటా? పాయింటుకు ధర కట్టేవాళ్లు కోవాలో కూడా ఆ పాయింట్లు ఎందుకు కొలవరు?

అందుకే ఈ పండగకు ప్రతి పాడి రైతు ఇంట్లో కోవా మనమే చేసుకుందామని సంఘం తరఫున కోరుతున్నాం. ఇది వంటల ముచ్చట కాదు. పాలు పోసే ఇల్లు పామాయిలు కోవా కొనడం కంటే అవమానం ఇంకొకటి లేదు.

చేసే పద్ధతి పెద్దవాళ్లకు తెలిసిందే, కొత్తవాళ్ల కోసం చెబుతున్నాం. అప్పుడే పితికిన పాలు వాడాలి. కాస్త పులుపు తిరిగిన పాలైతే విరిగిపోతాయి, వాసన వస్తుంది. సోడా వేసి సరిచేయొద్దు. వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న బాణలిలో ఒక్కసారికి రెండు మూడు లీటర్లకు మించి పోయొద్దు. ఎక్కువ పోస్తే ఎక్కువసేపు మరిగి రంగు మారుతుంది. మొదట మంట బాగా పెట్టి, అడుగు, అంచులు గీకుతూ ఆపకుండా కలపాలి. పాలు చిక్కబడగానే మంట తగ్గించాలి. ముద్దయి బాణలి అంచులు వదులుతున్నప్పుడు దించేసి, ఆ వేడి మీదే ఇంకాసేపు కలపాలి. పాలకోవాకైతే చివర్లో చక్కెర వేసుకోవాలి. మామూలుగా రెండు మూడు రోజులకు మించి నిలవ ఉండదు. ఎన్ని పాలు పోశారో, ఎంత కోవా దిగిందో తూకం వేసి కాగితం మీద రాయండి. కేంద్రం వాళ్లు మీ పాలకు ఎస్.ఎన్.ఎఫ్. లేదని రోజూ కోత పెడుతుంటే, 5 లీటర్లకు కిలో దిగిన ఆ కాగితం అనుమానానికి మొదటి ఆధారం. పదిమంది కాగితాలు కలిపి యంత్రాన్ని తనిఖీ చేయమని అడగొచ్చు.

బజారు కోవాను పరీక్షించడం కూడా కష్టమేమీ కాదు. కొంచెం కోవా నీళ్లలో వేసి మరగనిచ్చి, చల్లారాక రెండు చుక్కలు టింక్చర్ అయోడిన్ వేయండి. నీలం రంగు వస్తే అందులో పిండి కలిసింది. నూనె కల్తీ తేలాలంటే మాత్రం ప్రయోగశాలకు పంపాల్సిందే. నమూనా తీయమని ఆహార భద్రత అధికారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి.

ఇంకొక మాట. పాల ధర అడిగినప్పుడల్లా, "మీరే కోవా చేసుకుని అమ్ముకోండి, విలువ జోడించండి" అని శిక్షణ శిబిరాల్లో పాఠాలు చెబుతున్నారు. వినడానికి బాగుంటుంది. తెల్లవారుజామున లేచి పేడ తీసి, గడ్డి కోసి, పాలు పితికి, కూలికి పోయొచ్చిన ఆడమనిషి మళ్లీ రాత్రి బాణలి ముందు నిలబడాలా? ఆమె కూలి ఎవరి లెక్కలో ఉంది? రెండు రోజుల్లో చెడిపోయే సరుకును ఎక్కడ చల్లబెట్టాలి? 230 రూపాయల కల్తీ కోవా పక్కనే ఉంటే 340 ఖర్చయిన అసలు కోవాను ఎవరు కొంటారు? కల్తీని ఆపకుండా, శీతల గది ఇవ్వకుండా కోవా చేసుకోమనడం ధర బాధ్యత నుంచి తప్పించుకోవడమే. కేంద్రం మద్దతు ధరలు ప్రకటించే పంటల జాబితాలో ఈ రోజుకీ పాలు లేవు. ముందు దానికి జవాబు చెప్పాలి.

సహకారంగా చేస్తే మాత్రం దారి ఉంది. తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘమే పాలకోవా చేసి అమ్ముతోంది. బాణలి రైతుల సంఘం చేతిలో ఉంటే మిఠాయి లాభంలో రైతుకు వాటా అడిగే హక్కుంటుంది. మన దగ్గర చిత్తూరు సహకార డెయిరీ లాంటివి 2002లోనే మూతపడితే, పాలు పోయడం తప్ప మిగతావన్నీ మన చేయి దాటిపోయాయి.

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. దాణా, మేత, కూలి, వైద్యం ఖర్చులన్నీ లెక్కగట్టి పాలకు గిట్టుబాటు ధరను చట్టబద్ధం చేయాలి.
2. పాల కేంద్రాల యంత్రాలను రైతు ప్రతినిధుల ఎదుట క్రమం తప్పకుండా తనిఖీ చేయాలి.
3. కోవా గోదాముల నుంచి, మిఠాయి దుకాణాల నుంచి ఏడాది పొడవునా నమూనాలు తీసి ఫలితాలు బహిరంగంగా ప్రకటించాలి. ఏ కొవ్వుతో చేశారో దుకాణంలో బోర్డు పెట్టించాలి.
4. మండలానికొక సహకార కోవా కేంద్రం పెట్టాలి. అందులో పనిచేసే మహిళలకు కనీస వేతనం, సరుకుకు శీతల గది ప్రభుత్వమే కల్పించాలి.
5. అంగన్‌వాడీలు, దేవస్థానాలు, ప్రభుత్వ హాస్టళ్లు పాల ఉత్పత్తులను రైతు సహకార సంఘాల దగ్గరే కొనాలి.

విదేశీ పాలపొడికి తలుపులు తెరిచే ఆర్‌సెప్ ఒప్పందం నుంచి 2019 నవంబరులో మన దేశం బయటికొచ్చింది. ఆ ఒప్పందంపై రైతులు వీధుల్లోకి వచ్చాకే ఆ మాట వినిపించింది. ఇదీ అంతే. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాలకు ప్రతి సభ్యుడూ తన పాల చీటీలు, కోవా తూకం కాగితం తీసుకుని రావాలి. ఆ కాగితాలన్నీ కట్టగట్టి మండల కార్యాలయం బల్ల మీద పెడదాం. మన పాల విలువ ఎంతో మనమే తూచి చూపిద్దాం.