కనుపాప చెప్పేదెంత?



ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక కుమార్తె ఈ మధ్య నాకు ఉత్తరం వ్రాసింది. కాలేజీకి వెళ్ళే బస్సులో ఒక అబ్బాయి రోజూ తనవైపు చూస్తాడట. ఇద్దరూ ఇంతవరకు పది మాటలు కూడా మాట్లాడుకోలేదు. "అయినా ఆ చూపులో ఉన్నది ప్రేమే అయ్యగారూ. ప్రేమ ఉంటే కనుపాప పెద్దదవుతుందని సైన్సు కూడా చెబుతోంది, ఫోనులో చూశాను. చదువు మాని పెండ్లి చేసుకోవచ్చునా?" అని అడిగింది. ఆమెకు విడిగా జవాబు వ్రాశాను. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు గనుక, ఆమె అనుమతితోనే ఆ సైన్సు సంగతి ఈ నెల చూద్దాము.

ఆమె విన్నది కట్టుకథ కాదు. కంటి నల్లగుడ్డు నడుమనున్న చిన్న రంధ్రమే కనుపాప. మంచి ఎండలో అది సుమారు 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, చీకటిలో 8 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. గుండె కొట్టుకోవడం వలె ఇదీ మన చేతిలో లేని పని. 1960లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో ఎకార్డ్ హెస్ అనే శాస్త్రజ్ఞుడు, జేమ్స్ పోల్ట్ అనే మరొకరు కలిసి మనుష్యులకు బొమ్మలు చూపిస్తూ వారి కనుపాపలను ఫోటోలు తీశారు. స్త్రీల బొమ్మలు చూచినప్పుడు పురుషుల కనుపాపలు విచ్చుకున్నాయి. స్త్రీల కనుపాపలు పసిబిడ్డల బొమ్మలకు కూడా విచ్చుకున్నాయి. (ఇది తెలుసుకోడానికి మన అమ్మమ్మలకు కెమెరా అవసరం లేదు.)

తరువాత హెస్ ఒకే యువతి ఫోటోలు రెండు తీసుకొని, ఒకదానిలో కనుపాపలను పెద్దవిగా, రెండవదానిలో చిన్నవిగా దిద్ది కొందరు పురుషులకు చూపించాడు. రెండూ ఒకటే అని ఎక్కువమంది అన్నారు. కాని పెద్ద కనుపాపల ఫోటో చూచినప్పుడే వారి కనుపాపలు ఎక్కువగా విచ్చుకున్నాయి. తేడా ఎక్కడున్నదో ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఈ కిటుకు ఇటలీ దేశపు స్త్రీలకు పూర్వమే తెలుసు. బెల్లడోనా అనే మొక్క రసాన్ని కండ్లలో వేసుకునేవారు. ఆ మాటకు 'అందమైన స్త్రీ' అని అర్థం. దానివలన కనుపాపలు పెద్దవయ్యేవి గాని, దగ్గరి చూపు మసకబారేది. అందంగా కనబడాలని ఎదుటివాని ముఖమే సరిగా కనబడకుండా చేసుకున్నారన్నమాట! మన పొలం గట్లమీది ఉమ్మెత్త కూడా ఆ కుటుంబపు మొక్కే. దాని రసం కంట్లో పడినా కనుపాప విచ్చుకొని ఉండిపోతుంది, పిల్లలను దాని దగ్గరకు పోనివ్వకండి. ఆ కంటిలో ప్రేమ ఉన్నదని ఎవరైనా అంటారా?

ఇక్కడే అసలు సంగతి ఉన్నది. 1964లో అదే హెస్ మనుష్యులకు గుణకారం లెక్కలు ఇచ్చి చూశాడు. లెక్క తేలేవరకు కనుపాప పెరిగి, జవాబు చెప్పగానే తగ్గింది. భయానికీ విచ్చుకుంటుంది, సాయంకాలపు మసక వెలుతురుకీ విచ్చుకుంటుంది. మనసు దేనిమీదనో నిలిచిందని కనుపాప చెబుతుంది. ఎందుకు నిలిచిందో, ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేదు.

ఇంకొక పరిశోధన నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. 1989లో అమెరికాలోనే, ఒకరికొకరు ఎరుగని స్త్రీపురుషులను జతలుగా కూర్చుండబెట్టి, 2 నిమిషాలు ఒకరి కండ్లలోనికి ఒకరు చూడమన్నారు. మరి కొందరిని ఎదుటివారి చేతులవైపు చూడమన్నారు. కండ్లు కలిపి చూచినవారే, ఎదుటివారిమీద తమకు ఎక్కువ ఇష్టం కలిగిందని చెప్పారు. చూపు ప్రేమను బయటపెట్టడమే కాదు, లేని ఇష్టాన్ని పుట్టించగలదు కూడా! రెండు నిమిషాలకే ఇట్లుంటే, రోజూ బస్సులో చూచుకునేవారి మాట ఏమిటి? కనుక ఆ కుమార్తె హృదయంలో కలిగినది అబద్ధమని నేను అనను. అయితే ఆ అబ్బాయి ఎట్టివాడో తెలిసినందువలన అది కలుగలేదు. కోపం వస్తే ఏమి చేస్తాడు, తల్లితో ఎట్లు మాట్లాడతాడు, అప్పు చేస్తే తీరుస్తాడా, ఇవేవీ ఆమె ఎరుగదు. చదువు ముగించుకొని, ఈలోగా ఇవన్నీ కనుక్కోమని ఆమెకు వ్రాశాను.

ఇట్టి సంగతి తెలిసిన వెంటనే కొందరు తలిదండ్రులు పిల్లను కొట్టి, ఆమె చదువు మాన్పిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చూపులను నమ్ముకోవడంలో పెద్దలమూ తక్కువేమీ కాదు. పెండ్లిచూపుల్లో అమ్మాయి కాఫీ పళ్ళెం తెచ్చి ఒక్కసారి కండ్లెత్తితే, "ఇష్టమే, కండ్లే చెబుతున్నాయి" అని తాంబూలాలదాకా పోతాము. మన కండ్లు ముదురు గోధుమరంగువి గనుక నల్లని కనుపాప గది అవతలనుండి కనబడదు, కనబడినా అది భయమో ఇష్టమో తెలియదు. ఆదికాండము 29వ అధ్యాయములో లేయా కండ్లను గూర్చి వ్రాయబడింది గాని, యాకోబు దగ్గరకు పంపేముందు ఆమె ఇష్టం అడిగినట్లు లేదు. 24వ అధ్యాయములో రిబ్కానైతే ఇంటివారు పిలిచి అడిగారు.

మగపెండ్లివారు వెళ్ళిన తరువాత, ఆ సాయంకాలమే తల్లిగాని పెద్దమ్మగాని అమ్మాయి ప్రక్కన కూర్చొని, మగవారెవరూ వినని చోట అడగాలి. ఆమె "వద్దు" అంటే, కబురు పంపే బాధ్యత తండ్రిది.