రైలు గేటు దగ్గర ప్రతినిధి

'ప్రతినిధి' అనే మాటను పాఠం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ మీమాంస దాకా పోయేవాణ్ణి. పిల్లలకు అది అనవసరమని తెలిసీ పోయేవాణ్ణి. యాగానికి వ్రీహి దొరకకపోతే నీవారధాన్యం వాడవచ్చు, అది ప్రతినిధి. అంటే లేనిదానికి బదులుగా నిలిచేది. అయితే అన్నిటికీ ప్రతినిధి ఉండదు. దేవతకు లేదు, మంత్రానికి లేదు, ఫలం కోరి యాగం తలపెట్టిన యజమానికీ లేదు. జైమిని ఆరవ అధ్యాయంలో ఈ చర్చ ఉన్నది. ఓటరు యజమాని అనుకుంటే ఈ మాట ఎక్కడికి దారి తీస్తుందో పాఠకులు ఆలోచించగలరు. నేను మాత్రం ఆలోచించలేదు. పాఠం చెప్పి ఊరుకున్నాను.

పదవీ విరమణకు కొన్నేళ్ళ ముందు, ఒక వేసవి మధ్యాహ్నం, టెక్కలి నుండి సముద్రం వైపు పోయే దారిలో రైలు గేటు పడింది. నేను బస్సు దిగి చింతచెట్టు నీడన నిలబడ్డాను. అక్కడ ఒకామె తాటి ముంజలు అమ్ముతున్నది. నా పక్కన నిలబడి ముంజె తీసుకుంటున్న మనిషి మా శాసనసభ్యుడు! కారు వెనుక ఎక్కడో నిలిచిపోయింది. ఎండకు తాళలేక దిగివచ్చారట. ఆయన పేరు చెప్పను, ఏ ఎన్నికలో గెలిచారో కూడా చెప్పను. అది ఇక్కడ అప్రస్తుతం.

"బాగున్నారా మాస్టారూ? పిల్లలు ఎక్కడున్నారు?" అన్నారు. నన్ను గుర్తుపట్టినందుకే నేను పొంగిపోయాను. క్షేమ సమాచారాలు చెప్పాను. ఎండల గురించి కూడా మాట్లాడాను.

ఆ సమయంలో నా చేతిసంచిలో ఒక అర్జీ ఉన్నది. మా బావమరిదిది ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊరు. మూత్రపిండాలు చెడి వారానికి రెండుసార్లు విశాఖపట్నం పోయి డయాలసిస్ చేయించుకొని వచ్చేవాడు. పోయిన రోజూ వచ్చిన రోజూ మనిషి మనిషిగా ఉండేవాడు కాదు. ఆ యంత్రాలు మన దగ్గరే పెట్టించమని అర్జీ. దానిని నాలుగుసార్లు తిరగరాశాను. భాష కుదరలేదని ఒకసారి, 'మహారాజశ్రీ' అనవలెనా వద్దా అని ఇంకొకసారి. ఆనాడు అది సంచిలోనే ఉండిపోయింది. గేటు దగ్గర, ముంజలు తింటున్న మనిషికి అర్జీ ఇవ్వడం మర్యాద కాదనిపించింది. నిజం చెప్పాలంటే, యాచకుడిలా కనిపిస్తానని భయపడ్డాను.

ముంజలామెకు అటువంటి శంక ఏదీ లేదు. చిల్లర లెక్కపెడుతూనే, "బావూ, మా ఈది కొళాయికి నీల్లు రాటం నేదు, సూడు" అన్నది. ఆయన ఏ వీధి అని అడిగారు. ఆమె చెప్పింది. ముంజల డబ్బు మాత్రం పైసలతో సహా పుచ్చుకున్నది. గేటు లేచింది, అందరం వెళ్ళిపోయాము.

ఆ సాయంత్రం మా ఆవిడ, "ఏమండీ, ఇచ్చారా?" అని అడిగింది. "సందర్భం కుదరలేదు" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు.

నెల తిరగకముందే ఆ వీధికి నీళ్ళు వచ్చాయి. పక్క వీధికి రాలేదు! ఆ వీధివాళ్ళెవరూ ఆనాడు గేటు దగ్గర లేరు కదా. నాయకుడు జనంలో తిరగాలని మనం తరచుగా అంటాము. ఇల్లెందు నుండి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు ఆర్.టి.సి. బస్సులలో తిరిగారు. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళారు. ఆ నిరాడంబరతకు నమస్కరిస్తాను. కాని మా ఊరివాళ్ళము మరొక రకం కూడా చూశాము. 1994లో ఎన్.టి.రామారావు గారు హిందూపురంతోపాటు టెక్కలిలోనూ నిలబడి, రెండుచోట్లా గెలిచి, టెక్కలిని వదులుకున్నారు. ఉపఎన్నిక వచ్చింది. ఎవరి కోసం ఓటు వేశామో ఆయన ఏ గేటు దగ్గరా మాకు దొరికే అవకాశమే లేకపోయింది. అయినా ఆనాడు టెక్కలిలో ఎంత సంబరం!

ఎదురుపడితే పని, లేకుంటే లేదు అనే పద్ధతి నాకు నచ్చదు. అది ప్రాతినిధ్యం కాదు, లాటరీ. శుభకార్యంలోనో చావింటనో ఆయన భుజం పట్టుకొని బదిలీ కాగితం చేతిలో పెట్టేవాళ్ళను చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంత చెప్పే నేను, ఆ ముంజలామె చేసినది తప్పని మాత్రం అనలేను. ఆమె తన ఒక్క కుండ కోసం అడగలేదు, వీధి కోసం అడిగింది. తల వంచలేదు, ధర తగ్గించలేదు. నాకు శాస్త్రం తెలుసు, ఆమెకు యజమానిగా ఉండడం తెలుసు.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైనాయి. అప్పటికి మా బావమరిది పోయి చాలా కాలమైంది. నా ఒక్క అర్జీతో అతను బ్రతికేవాడని నేను అనుకోను. మా ఆవిడ ఏమనుకుంటుందో ఇంతవరకు అడగలేదు.

ఆ కాగితం ఇప్పటికీ నా శబ్దరత్నాకరంలో ఉన్నది. మొన్న తీసి చదివితే మొదటి వాక్యంలోనే ఒక సంధిదోషం కనిపించింది.