కారు వైరింగులో చేసే ప్రతి మార్పుకూ రాత ఉండాలి

కారులో ఉండేది 12 వోల్టుల విద్యుత్తే కాబట్టి దానితో ప్రమాదం లేదన్న నమ్మకం వాహన యజమానులలో బలంగా నాటుకుపోయింది. ముట్టుకున్న మనిషికి షాకు కొట్టదన్నంత వరకు ఆ నమ్మకం నిజమే గాని, తీగ కాలడానికి షాకుతో పని లేదు. తీగను వేడెక్కించేది అందులో పారే కరెంటు. ఇంజిన్‌ను తిప్పడానికి వందల ఆంపియర్ల కరెంటును ఒక్కసారిగా అందించేలా తయారైన బ్యాటరీ, పొరపాటున దాని రెండు కొనలు నేరుగా కలిసినప్పుడు కూడా అంత కరెంటునూ ఇచ్చేస్తుంది. ఇంతటి శక్తిని అదుపులో ఉంచే వైరింగును తెలిసీ తెలియని చేతులు కోసి, కలిపి, టేపు చుట్టి వదిలేస్తుండగా, ఆ పని ఎవరు చేశారో, ఏ తీగను దేనికి కలిపారో ఎక్కడా రాసి ఉండటం లేదు. కారు వైరింగులో చేసే ప్రతి మార్పుకూ చీటీ ఉండాలనీ, వాహనం చేతులు మారేటప్పుడు వైరింగును తప్పనిసరిగా తనిఖీ చేయాలనీ ఈ కరపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలను కోరుతున్నది.

ఇంట్లో కరెంటు ఒక తీగలో వచ్చి మరో తీగలో తిరిగి వెళుతుంది. కారులో మాత్రం బ్యాటరీ నెగటివ్ కొనను లోహపు బాడీకే బిగిస్తారు గనుక తిరుగుదారి ఆ బాడీయే అవుతుంది. మెకానిక్కులు బాడీ ఎర్త్ అనేది దీనినే. తీగల పొడవునూ బరువునూ తగ్గించే ఈ ఏర్పాటులోనే అపాయమూ ఉంది: పాజిటివ్ తీగ తొడుగు ఎక్కడ చిరిగినా, దాని పక్కనున్న రేకు బ్యాటరీ రెండో కొనతో సమానమవుతుంది. అందుకే కంపెనీ వైరింగులో తీగ రేకును దాటే రంధ్రానికి గ్రోమెట్ అనే రబ్బరు వలయాన్ని అమరుస్తారు. అదనపు హారనుకో, కెమెరాకో తీగ లాగేవారు ఆ వలయాన్ని పెట్టకపోతే, ఇంజిన్ అదురుకు రేకు అంచు ఆ తొడుగును నెలల తరబడి కొద్దికొద్దిగా కోస్తూనే ఉంటుంది. చేతితో మెలిపెట్టి మామూలు ప్లాస్టిక్ టేపు చుట్టిన జాయింటు సంగతీ అంతే. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవి ఎండకు బానెట్ కింది వేడి తోడైతే టేపు జిగురు కరిగి జారిపోతుంది, మెలిక వదులై అక్కడే వేడి పుడుతుంది.

ఇలాంటప్పుడు ఆదుకోవలసినది ఫ్యూజు. ఫ్యూజు అంటే, నిర్ణీత పరిమితిని మించి కరెంటు పారినప్పుడు తాను కరిగిపోయి దారిని తెంచేసే పలుచని లోహపు బద్దీ. అది రేడియోనో దీపాన్నో కాపాడటానికి ఉందని చాలామంది అనుకుంటారు గాని, అది ప్రధానంగా కాపాడేది తీగను. తీగ మందాన్ని బట్టే దాని ఆంపియర్ల పరిమితిని నిర్ణయిస్తారు. ఎరుపు ఫ్యూజు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు అన్న రంగుల గుర్తింపు అందుకే వచ్చింది. పదే పదే కాలిపోతున్న 10 ఆంపియర్ల ఫ్యూజు స్థానంలో 30 ఆంపియర్లది పెట్టేవారికి సమస్య తీరినట్టే కనిపిస్తుంది. కాని తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, కరెంటు మూడింతలైతే వేడి తొమ్మిదింతలవుతుంది. ఆ తీగ 10 ఆంపియర్లకు తగిన సన్నదనంతోనే ఉండిపోయింది. ఇక కాలిన ఫ్యూజు కాళ్లకు రాగిపోగు చుట్టడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టడం అంటే ఆ దారికి రక్షణే లేకుండా చేయడం. అప్పుడు కరగడానికి మిగిలేది తీగ ఒక్కటే, అది కూడా కార్పెట్ల కిందా సీట్ల కిందా ఉండే తీగ. ఈ పని చేసినవారిలో చెడ్డ ఉద్దేశం ఉన్నవారు దాదాపు ఉండరు. రాత్రిపూట రహదారిపై ఆగిపోయిన కారును ఇంటికి చేర్చాలన్న తొందరే ఉంటుంది. మరునాడు దానిని సరిచేయడం మరిచిపోవడమే అసలు చేటు.

ఆటో ఎలక్ట్రికల్ పనిలో తరచూ వినిపించే మాట ‘డైరెక్టు ఇవ్వడం’. స్విచ్చు, రిలే, ఫ్యూజులను తప్పించి పరికరాన్ని సరాసరి బ్యాటరీకి కలపడమని దాని అర్థం. రిలే అంటే స్విచ్చులోని స్వల్ప కరెంటు ఆదేశంతో ఎక్కువ కరెంటును వేరే మందపాటి తీగలో పంపే చిన్న పెట్టె; జత హారన్లనూ ఫాగ్ లైట్లనూ రిలే, ఫ్యూజు లేకుండా కలిపినప్పుడు ఆ భారమంతా సన్నని స్విచ్చు తీగపై పడుతుంది, లేదా ఏ అదుపూ లేని తీగపై పడుతుంది. హెడ్‌లైటు బల్బుల మార్పు కూడా ఇటువంటిదే. చాలా కార్లలో వాడే హాలోజెన్ బల్బు హైబీమ్‌లో 60 వాట్లది, అంటే దాదాపు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. దాని స్థానంలో 100 వాట్లది పెడితే కరెంటు 8 ఆంపియర్లు దాటి, తీగలో వేడి మూడింతలకు చేరువవుతుంది. సాకెట్లు నల్లబడి, తీగలను కలిపే కప్లర్లు కరిగిపోవడం మొదలయ్యేది అక్కడే. ఎదురు వచ్చేవారి కళ్లు చెదిరించే ఆ వెలుగు నేరమా కాదా అన్న చర్చ ఎలా ఉన్నా, ఆ కారులో కూర్చున్నవారికి అది మేలు చేయదన్నది మాత్రం స్పష్టం.

కొన్ని తప్పులు క్షణంలో జరిగిపోతాయి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందుగా పాజిటివ్ కొనను విప్పబోతే, పానా పక్కనున్న రేకును తాకిన మరుక్షణం పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. చార్జింగు సమయంలో బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువు అక్కడ నిలిచి ఉంటే బ్యాటరీయే పేలవచ్చు. నెగటివ్‌ను ముందు విప్పి చివర బిగించాలన్న నియమం ఇందుకే. మరొక కారు బ్యాటరీతో స్టార్టు చేసేటప్పుడు కొనలు తారుమారైతే ఆల్టర్నేటరులోని డయోడ్లూ, ఇంజిన్‌ను నడిపే కంప్యూటరైన ఈసీయూ దెబ్బతింటాయి. 2019 జూలై నుంచి దేశంలో కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. సాధారణంగా పసుపు రంగు కప్లర్లతో ఉండే ఎయిర్‌బ్యాగ్ తీగలను టెస్ట్ ల్యాంపుతో పరీక్షించబోతే ఆ ల్యాంపు లాగే కరెంటుకే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే ప్రమాదం ఉంది. విద్యుత్ కార్లలోని నారింజ రంగు కేబుళ్లలో ఉండేది వందల వోల్టులు గనుక, అవి ప్రత్యేక శిక్షణ లేనివారు ముట్టదగినవి కావు.

చట్టం లేదని కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది; 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అక్రమ మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానాను, లేదా ఆరు నెలల వరకు జైలును, లేదా రెండింటినీ నిర్దేశిస్తున్నది. అయితే రిజిస్ట్రేషన్ పత్రంలో వైరింగు వివరం ఉండదు. పైగా సొంత వాడకపు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది; అద్దె వాహనాలకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తరువాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉండగా, ఈ కార్లను ఆ 15 ఏళ్లలో పొగ పరీక్ష తప్ప మరే క్రమమైన తనిఖీ తాకదు. ఈలోగా కారు ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది. మొదటి యజమాని డాష్‌బోర్డు వెనుక దాచిన జాయింటు గురించి మూడో యజమానికి చెప్పేవారెవరూ లేరు. పిల్లలను వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరే ఆ కుటుంబానికి తెలుసుకునే హక్కు ఉంది.

యాజమాన్య మార్పిడికి ఇప్పుడు 29, 30 ఫారాలు నింపుతున్నారు. వాటితో పాటు వైరింగు తనిఖీ పత్రం ఒకటి జతచేయాలన్న నిబంధన తెస్తే చాలు. ఫ్యూజు పెట్టెలో ఉన్నవి తయారీదారు పట్టికలో చెప్పినవేనా, బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా బయలుదేరే అదనపు తీగలున్నాయా, ఆపి ఉంచిన కారు ఎంత కరెంటు తాగుతున్నది అన్న మూడు అంశాలను కొద్ది సమయంలోనే చూడవచ్చు. చివరిది చిన్న విషయం కాదు: 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నుంచి అర ఆంపియరు నిరంతరం కారిపోతే 80 గంటల్లో, అంటే మూడు రోజులు దాటగానే, అది పూర్తిగా అడుగంటుతుంది.

ఈ సంస్కరణ ఆటో ఎలక్ట్రీషియన్ల పొట్ట కొట్టేది కాకూడదు. విజయవాడ, గాజువాక, గుంటూరు ఆటోనగర్లలో గురువు పక్కన నిలబడి పని నేర్చినవారి పనితనం గొప్పది. వారికి అందనిది కొత్త కార్ల సర్క్యూట్ చిత్రాలూ, ఈసీయూ పరిజ్ఞానమూ. పనిలోనే నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇప్పటికే ఉంది. దానిని ఆటోనగర్ల గుమ్మంలోకి తెచ్చి, సాయంత్రం వేళల్లో తెలుగులో శిక్షణ ఇచ్చి, ధ్రువపత్రం ఉన్నవారు కనీసం ఒకరైనా లేని యాక్సెసరీ దుకాణం వైరింగు పని చేపట్టరాదని గడువుతో కూడిన ఉత్తర్వు ఇవ్వాలి. తయారీ కంపెనీలు సర్క్యూట్ చిత్రాలను ఇటువంటి వారికి అందుబాటులో ఉంచేలా ప్రభుత్వాలు పట్టుబట్టాలి.

ఉత్తర్వు వచ్చేలోగా యజమానులు చీటీని అడిగి తీసుకోవచ్చు. తేదీ, దుకాణం పేరు, బిగించిన పరికరం, అది లాగే ఆంపియర్లు, తీగను ఎక్కడి నుంచి తీశారు, ఏ ఫ్యూజు పెట్టారు, పని చేసినవారి సంతకం ఇవి ఉంటే చాలు. బిల్లు వెనుక రాసినా సరిపోతుంది. కంపెనీ ధరలో చేరని విద్యుత్ పరికరాలను బీమాలో విడిగా చూపించి అదనపు ప్రీమియం కట్టడానికి కూడా ఆ చీటీయే ఆధారమవుతుంది. దానిని రిజిస్ట్రేషన్ పత్రంతో కలిపి దాచి, కారు అమ్మేనాడు కొనేవారి చేతికి ఇవ్వాలి.