బొమ్మ గీసే చేతికి సంఘం అండ కావాలి



మన గూడేల నుంచి, తండాల నుంచి కొంతమంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు యానిమేషన్, వీఎఫ్ఎక్స్ కోర్సుల్లో చేరుతున్నారు. సంతోషమే. కానీ కోర్సు ఫీజు ఎంత, స్కాలర్‌షిప్ వస్తుందా అని అడిగినంతగా, ఆ తర్వాత చేసే ఉద్యోగం ఎలా ఉంటుందని మనం అడగట్లేదు.

హైదరాబాద్ స్టూడియోల్లో కొత్తవాళ్ళకి ఎక్కువగా దొరికేది రోటో, పెయింట్ పని. అంటే ప్రతి ఫ్రేములో మనిషి అంచు చుట్టూ గీత గీయడం, కనబడకూడని తీగల్ని చెరిపేయడం. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. 5 సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు. డెలివరీ దగ్గర పడితే రాత్రిళ్ళు, ఆదివారాలు కూడా సీట్లోనే. ప్రాజెక్టు అయిపోతే చాలామందికి కాంట్రాక్టూ అయిపోతుంది.

పెద్ద కంపెనీ అయితే ఢోకా ఉండదు అనుకోవద్దు. 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై' గ్రాఫిక్స్‌కి ఆస్కార్ వచ్చింది. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అప్పటికి రెండు వారాల ముందే దివాలా పిటిషన్ వేసింది. దానికి హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది.

'పని వస్తే చాలు, యూనియన్ ఎందుకు?' అంటారు కొందరు. డిస్నీలో ఆర్ట్ బాబిట్‌కి పని బాగా వచ్చు. 'స్నో వైట్'లో రాణిని కదిలించింది ఆయనే. జీతమూ ఎక్కువే. అయినా తక్కువ జీతపు సహాయకుల కోసం సంఘం వైపు నిలబడ్డాడు. ఉద్యోగం తీసేశారు. 1941 మే 29న సమ్మె మొదలైంది. వారాల తరబడి సాగింది. చివరికి డిస్నీ సంఘాన్ని గుర్తించక తప్పలేదు. ఈరోజు అక్కడి యానిమేషన్ గిల్డ్ సభ్యులకు కనీస వేతనం, ఆరోగ్య బీమా, పెన్షన్ ఒప్పందంలోనే రాసి ఉంటాయి. 2023లో మార్వెల్ వీఎఫ్ఎక్స్ కార్మికులు కూడా యూనియన్‌కి ఓటేశారు.

'గట్టిగా అడిగితే పని వేరే ఊరికి పోతుంది' అనే భయం ఉత్తది కాదు. విదేశీ పని మన దగ్గరికి వచ్చిందే చవక కాబట్టి. కానీ ఒక్కడే అడిగితే వాణ్ణి తీసేయడం ఇంకా సులువు. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు కలిసి షూటింగులు ఆపారు. అడిగిన 30 శాతం మొత్తం రాకపోయినా, పెంపు మాత్రం సాధించారు.

ఈ మాట మనకి కొత్త కాదు. పోడు పట్టా కోసం ఒక్కడే ఆఫీసుల చుట్టూ తిరగడానికీ, గ్రామసభ తీర్మానంతో వెళ్ళడానికీ తేడా మనకి తెలుసు. అటవీ హక్కుల చట్టం మొదటి అడుగే గ్రామసభలో పెట్టింది. స్టూడియోలో ఉన్నంత మాత్రాన ఆ తెలివి మర్చిపోవాలా?

సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19(1)(సి) ఇచ్చిన హక్కు. అందుకే మేము చెప్పేది ఇదే: బాండ్ మీద సంతకం పెట్టేముందు చదవండి, చదివించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. ఎన్ని గంటలు చేశారో రోజూ రాసుకోండి. యూనియన్ ఉంటే చేరండి. లేకపోతే పక్క సీటువాళ్ళతో మాట మొదలుపెట్టండి. వాళ్ళు ఏ ఊరివాళ్ళయినా, ఏ కులం వాళ్ళయినా సరే, గడువు అందరికీ ఒక్కటే.

జై ఆదివాసీ.